పిల్లల ఫోన్‌ను పోస్ట్‌పెయిడ్ నుంచి ప్రీపెయిడ్‌కి మార్చడం: నంబర్ పోకుండా, పాత బిల్లు వెంటపడకుండా

"మా పాప సిమ్ మా ఆయన ఫ్యామిలీ ప్లాన్‌లో ఉంది, దాన్ని విడిగా ప్రీపెయిడ్ చేయడం ఎలా?" అని విశాఖలో గాజువాక నుంచి ఒకరు అడుగుతారు. "మార్చాం, అయినా మళ్లీ బిల్లు వచ్చింది" అని ఎంవీపీ కాలనీ నుంచి ఇంకొకరు. ఈ పని కష్టమైనదేం కాదు గానీ, వరుస తప్పితే తలనొప్పి అవుతుంది. చాలామంది నేరుగా షాపుకెళ్లి సిమ్ మార్చేసి, బిల్లు సంగతి తర్వాత చూద్దాం అనుకుంటారు. ముందు బిల్లు, ఆ తర్వాత ప్లాన్, చివరికి సిమ్. ఈ మార్గదర్శి కూడా ఆ వరుసలోనే నడుస్తుంది.

1. నంబర్ ఎవరి పేరు మీద ఉందో తేల్చుకోండి

18 ఏళ్లు నిండని పిల్లలకు మన దేశంలో వాళ్ల పేరు మీద సిమ్ ఇవ్వరు. కాబట్టి పిల్లాడి చేతిలో ఉన్న నంబర్ అమ్మదో, నాన్నదో, తాతగారిదో అయ్యుంటుంది, లేదా ఆఫీసు పేరు మీద ఉంటుంది. మార్పు కోసం కౌంటర్ దగ్గరికి వెళ్లాల్సింది ఆ పేరున్న మనిషే. అమ్మ పేరు మీద ఉన్న సిమ్ కోసం నాన్న ఆధార్ పట్టుకెళితే వెనక్కి పంపేస్తారు.

ఎవరి పేరు మీద ఉందో గుర్తులేకపోతే టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోనో ఆప్‌లోనో మీ నంబర్, ఓటీపీతో లాగిన్ అవ్వండి. మీ పేరు మీద నడుస్తున్న నంబర్లన్నీ అక్కడ కనిపిస్తాయి. మన రాష్ట్రంలో ఒక మనిషి పేరు మీద 9 కనెక్షన్ల వరకు ఉండొచ్చు.

ఇక్కడొక జాగ్రత్త. ఆ జాబితాలో ప్రతి నంబర్ పక్కన మూడు ఎంపికలుంటాయి: నాది కాదు, అవసరం లేదు, అవసరం. "పోస్ట్‌పెయిడ్ అవసరం లేదు కదా" అని పిల్లల నంబర్ పక్కన "అవసరం లేదు" నొక్కకండి. అది నంబర్‌ను ఆపేయమని చెప్పినట్టు. మీకు కావాల్సింది జాబితా చూడటం మాత్రమే.

ఇప్పుడు మీ నంబర్ కింది వాటిలో ఏ రకమో చూసుకోండి:

- విడి పోస్ట్‌పెయిడ్: సొంత బిల్లు వస్తుంది. అన్నిటికంటే తేలికైన రకం.
- ఫ్యామిలీ ప్లాన్‌లో యాడ్-ఆన్: బిల్లు నాన్న నంబర్ మీద వస్తుంది, పిల్లల నంబర్ దానికి అనుబంధం. ముందు విడదీయాలి.
- ఆఫీసు లేదా కార్పొరేట్ కనెక్షన్: మన ఊళ్లో ఇవి చాలా ఇళ్లలో ఉంటాయి. నంబర్ యజమాని సంస్థే కాబట్టి, ముందు వాళ్ల దగ్గర అనుమతి లేఖ తీసుకోవాలి. మీ పేరు మీదికి మార్పించుకునేదాకా మిగతా పనులు మొదలుపెట్టకండి.

పిల్లలకు 18 నిండి ఉంటే, నంబర్ వాళ్ల పేరు మీదికి మార్చడం, ప్రీపెయిడ్ చేయడం రెండూ ఒకేసారి పెట్టుకోవద్దు. ఓటీపీతో జరిగే మార్పు యజమాని మారనప్పుడే నడుస్తుంది. ముందు ప్రీపెయిడ్ చేయించి, కుదురుకున్నాక పేరు మార్చుకోండి.

2. బిల్లు తీసి చదవండి

గత మూడు బిల్లులు ఆప్‌లోంచి డౌన్‌లోడ్ చేసుకోండి. మొదటి పేజీలో మొత్తం మాత్రమే కనిపిస్తుంది. విషయమంతా లోపలి పేజీల్లో, నంబర్ వారీగా ఇచ్చే వివరాల్లో ఉంటుంది. పిల్లల నంబర్ ఉన్న పేజీకి వెళ్లి ఈ వరుసలు చూడండి:

- నెల అద్దె, అది ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు
- ప్లాన్ దాటి వాడినదానికి వేసిన ఛార్జీలు
- కాలర్ ట్యూన్, గేమ్స్ లాంటి అదనపు సేవలు
- ఆప్ స్టోర్లో కొన్నవి బిల్లులో కలిశాయా
- మొదట్లో కట్టిన డిపాజిట్
- ప్లాన్ గడువులోపు వదిలితే ఎగ్జిట్ ఛార్జీ ఉందా

నాలుగో వరుస మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి. ఆటలో పిల్లాడు కొన్న వస్తువుల ఖర్చు మొబైల్ బిల్లులోకి వచ్చే సౌకర్యం పోస్ట్‌పెయిడ్‌లో ఉంటుంది. బ్యాంకు కార్డు ఎక్కడా పెట్టలేదు కాబట్టి ఖర్చు ఉండదని తల్లిదండ్రులు ధీమాగా ఉంటారు. డబ్బు ఈ దారిన పోతూ ఉంటుంది.

ఫ్యామిలీ ప్లాన్ ఉన్నవాళ్లకు అసలైన లెక్క ఇది. పిల్లల నంబర్ తీసేసినంత మాత్రాన నాన్న బిల్లు తగ్గాలని లేదు. ముగ్గురికి సరిపడే ప్లాన్‌లో ఇద్దరే మిగిలినా అద్దె అంతే పడుతుంది. యాడ్-ఆన్‌కి విడిగా అద్దె వేసే ప్లాన్ అయితే ఆ మేరకు తగ్గుతుంది. మొదటి రకం అయితే నాన్న ప్లాన్ కూడా కిందికి దించితేనే ఈ మార్పుకు అర్థం. లేదంటే నాన్న బిల్లు అలాగే ఉండి, పైన పిల్లల రీచార్జ్ కొత్త ఖర్చుగా చేరుతుంది.

ధరలు పోల్చేటప్పుడు ఇంకో మెలిక. పోస్ట్‌పెయిడ్ ప్లాన్ ధర మీద 18 శాతం జీఎస్టీ విడిగా పడుతుంది. 399 రూపాయల ప్లాన్ అంటే కట్టేది 470 రూపాయల 82 పైసలు. ప్రీపెయిడ్ రీచార్జ్ ధరలో పన్ను కలిసే ఉంటుంది. కాబట్టి బిల్లు చివర కట్టిన మొత్తాన్ని రీచార్జ్ ధరతో పోల్చండి.

3. రోజు ఎంచుకోండి

బిల్లు తేదీకి నాలుగైదు రోజుల ముందు మొదలుపెడితే చివరి బిల్లు తేలిగ్గా తేలుతుంది. కొత్త బిల్లు సైకిల్ మొదలయ్యాక రెండో రోజున మారిస్తే ఆ నెల అద్దె వాడిన రోజులకే వేస్తారా, నెలంతా వేస్తారా అని కస్టమర్ కేర్‌ని అడిగి, జవాబు చాట్‌లో రాతపూర్వకంగా తీసుకోండి.

ఓటీపీ మార్చాల్సిన నంబర్‌కే వస్తుంది కాబట్టి ఆ ఫోన్ మీ చేతిలో ఉండాలి. పిల్లలు రెసిడెన్షియల్ కాలేజీలో ఉండి ఫోన్ వార్డెన్ దగ్గర ఉంటే, దసరాకో సంక్రాంతికో ఇంటికొచ్చినప్పుడు చేయించండి.

సిమ్ కార్డు మార్చాల్సి వస్తే, కొత్త సిమ్ పనిచేయడం మొదలైనప్పటి నుంచి 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. సిమ్ మోసాలను ఆపడానికి టెలికాం శాఖ పెట్టిన నిబంధన ఇది, షాపువాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. అంటే ఆ రోజు ఓటీపీలు రావు. జేఈఈ, నీట్, ఈఏపీసెట్ దరఖాస్తుకు ఆఖరి తేదీ దగ్గరున్నప్పుడు, హాల్ టికెట్ దించుకోవాల్సిన వారంలో సిమ్ జోలికి వెళ్లకండి. ఇంటర్ పిల్లలున్న ఇళ్లలో ఈ ఒక్కటి తప్పకుండా పాటించాలి.

4. రెండు దారుల్లో ఒకటి

ఉన్న కంపెనీలోనే ప్రీపెయిడ్‌కి మారొచ్చు. లేదా నంబర్ ఉంచుకుని వేరే కంపెనీ ప్రీపెయిడ్‌కి పోర్ట్ కావచ్చు.

నా సలహా మొదటి దారే. ఇంట్లో, బడిలో, ట్యూషన్ దగ్గర సిగ్నల్ బాగుంటే కంపెనీ మార్చాల్సిన పని లేదు. సిగ్నల్ సరిగ్గా లేకపోతే మాత్రం పోర్ట్ ఆలోచించండి. నిర్ణయించే ముందు ఆ కంపెనీ సిమ్ ఉన్న ఎవరి ఫోన్‌తోనైనా పిల్లలు తిరిగే చోట్ల కాల్ చేసి చూడండి. మధురవాడలో కొండ పక్కన ఉన్న అపార్ట్‌మెంట్‌లో సిగ్నల్ సిరిపురంలో ఉన్నట్టు ఉండాలని లేదు.

హైదరాబాద్‌లో చదువుతున్న పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. టెలికాం లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఒకే సర్కిల్, అంటే ఒకే సేవా ప్రాంతం. కాబట్టి విశాఖ నంబర్ హైదరాబాద్‌లో వాడినా సర్కిల్ మారదు. వెల్లూరుకో కోటకో పంపితే సర్కిల్ వేరవుతుంది. అయినా చదువు కోసం నంబర్ సర్కిల్ మార్చాల్సిన అవసరం లేదు. ఇంటి దగ్గర ఉండగానే ప్రీపెయిడ్ చేయించి పంపండి.

5. అదే కంపెనీలో మారే పద్ధతి

1. వచ్చిన బిల్లు మొత్తం కట్టండి. రసీదు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

2. ఫ్యామిలీ ప్లాన్ అయితే ముందు నాన్న నంబర్ ఆప్‌లో పిల్లల నంబర్‌ను విడదీయమని కోరండి. విడదీశాక అది విడి పోస్ట్‌పెయిడ్‌గా నిలిచి, దానికో ప్లాన్ అంటుకోవచ్చు. అందుకని విడదీసిన వెంటనే తర్వాతి మెట్టుకు వెళ్లండి, వారం ఆగకండి.

3. కంపెనీ ఆప్‌లోనో వెబ్‌సైట్‌లోనో ప్రీపెయిడ్‌కి మారే ఆప్షన్ వెతకండి. ఓటీపీతో ఈ మార్పు చేసుకునే వీలును టెలికాం శాఖ 2021 సెప్టెంబరులో కల్పించింది. ఓటీపీ కొట్టే ముందు స్క్రీన్ మీద నంబర్ మీరు అనుకున్నదేనా అని అంకె అంకె చూడండి.

4. ఆప్‌లో ఆ ఆప్షన్ కనిపించకపోతే కంపెనీ సొంత స్టోర్‌కి వెళ్లండి. సందు చివరి రీచార్జ్ షాపుల్లో పోర్ట్ చేస్తారు గానీ, ఈ మార్పు అందరి దగ్గరా జరగదు. బీఎస్ఎన్‌ఎల్ అయితే వాళ్ల కస్టమర్ సర్వీస్ సెంటర్.

5. కౌంటర్ దగ్గర మాట సూటిగా ఉండాలి: "బాబూ, ఈ నంబర్ పోస్ట్‌పెయిడ్ నుంచి ప్రీపెయిడ్ చేయాలి. నంబర్ ఇదే ఉండాలి. కంపెనీ మారడం లేదు." "పోస్ట్‌పెయిడ్ సరెండర్ చేస్తాం", "క్లోజ్ చేయండి" లాంటి మాటలు వాడొద్దు. నంబరే రద్దు చేయమన్నారని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. "కొత్త సిమ్ తీసుకోండి, తేలిక" అంటే మర్యాదగా వద్దని చెప్పండి. బడి రికార్డుల్లో, దరఖాస్తుల్లో ఉన్నది ఈ నంబరే.

6. వేలిముద్ర ఒకసారి వేశాక మళ్లీ వేయమంటే, మొదటిది ఎందుకు పడలేదో స్క్రీన్ మీద చూపించమనండి. రెండో వేలిముద్రతో మీ పేరు మీద ఇంకో సిమ్ తీసే మోసాలు జరుగుతున్నాయి.

7. సర్వీస్ రిక్వెస్ట్ నంబర్ లేకుండా కౌంటర్ వదలకండి.

వెళ్లేటప్పుడు పట్టుకెళ్లాల్సినవి:

- ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి, అసలు ఆధార్
- పిల్లల ఫోన్, ఛార్జింగ్ నిండుగా
- ఆఖరి బిల్లు, కట్టిన రసీదు
- ఆఫీసు కనెక్షన్ అయితే అనుమతి లేఖ

మార్చాక నచ్చకపోతే వెంటనే వెనక్కి రాలేరు. ఓటీపీతో తిరిగి మారడానికి ఒకప్పుడు 90 రోజులు ఆగాల్సి వచ్చేది. 2025 జూన్‌లో దాన్ని మొదటిసారికి 30 రోజులకు తగ్గించారు, ఆ తర్వాతి మార్పులకు 90 రోజులే. అంతకంటే ముందు మారాలంటే స్టోర్‌కి వెళ్లి కేవైసీ, అంటే గుర్తింపు తనిఖీ, మళ్లీ చేయించుకోవాలి.

6. పోర్ట్ అయ్యే పద్ధతి

1. పిల్లల ఫోన్ నుంచి ఇంగ్లిషులో పోర్ట్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, పదంకెల నంబర్ వేసి 1900కి ఎస్సెమ్మెస్ పంపండి.

2. పోర్ట్ కావడానికి చూపించాల్సిన ఎనిమిది అక్షరాల యూపీసీ కోడ్ వస్తుంది. మన సర్కిల్‌లో అది 4 రోజులు చెల్లుతుంది.

3. ఆ కోడ్, యజమాని ఆధార్‌తో కొత్త కంపెనీ స్టోర్‌కి వెళ్లి ప్రీపెయిడ్‌గా పోర్ట్ చేయమనండి. పోస్ట్‌పెయిడ్ ఫారం నింపుతున్నారేమో గమనించండి.

4. సర్కిల్ లోపల పోర్ట్‌కి 3 పనిరోజులు, సర్కిల్ మారితే 5. ఆఫీసు కనెక్షన్లకూ 5. అప్పటిదాకా పాత సిమ్ తీయకండి. అది సిగ్నల్ కోల్పోయాకే కొత్తది వేయాలి.

మనసు మారితే 24 గంటల్లోపు రద్దు చేసుకోవచ్చు. అదే 1900కి క్యాన్సిల్ అని రాసి నంబర్ పంపాలి.

కోడ్ రాకపోతే కారణం సాధారణంగా ఈ మూడింట్లో ఒకటి ఉంటుంది. గడువు దాటిన బిల్లు కట్టలేదు. ఇప్పుడున్న కంపెనీకి వచ్చి 90 రోజులు కాలేదు. లేదా సిమ్ పోయి ఈమధ్యే కొత్తది తీసుకున్నారు. 2024 జులై 1 నుంచి సిమ్ మార్చిన 7 రోజుల వరకు కోడ్ ఇవ్వరు. ఏ కారణమో వచ్చిన సందేశంలోనే ఉంటుంది, చదివి సరిచేసుకుని మళ్లీ పంపండి.

పోర్ట్ అయ్యాక చాలామంది పట్టించుకోనిది చివరి బిల్లు. కోడ్ వచ్చిందంటే అప్పటిదాకా గడువు దాటిన బిల్లులు తీరాయని మాత్రమే. ఆఖరి కొద్ది రోజుల వాడకానికి పాత కంపెనీ తర్వాత బిల్లు పంపుతుంది. "ఇక వాళ్లతో మనకేం పని" అని అది కట్టకపోతే, పాత కంపెనీ కోరిక మీద కొత్త కంపెనీ మీ నంబర్‌ను ఆపేయొచ్చు. ఎప్పుడో జరిగిన పోర్ట్, ఇప్పుడు ఉన్నట్టుండి ఫోన్ మూగబోతుంది, కారణం అర్థం కాదు. పాత కంపెనీ ఆప్‌లోకి మళ్లీ లాగిన్ కాలేకపోవచ్చు కాబట్టి బిల్లు మెయిల్‌కి వచ్చేలా ముందే పెట్టుకోండి.

7. మొదటి రీచార్జ్

పిల్లల వయసును బట్టి తీసుకోండి.

ఏడు నుంచి పదో తరగతి వరకు, ఇంట్లో వైఫై ఉంటే, కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్ చాలు. డేటా అక్కర్లేనివాళ్లకు ఇలాంటి ప్యాక్ ఇవ్వాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. ఆప్‌లో ఇవి పైన కనిపించవు, కిందికి జరుపుకుంటూ వెతకాలి. 84 రోజులవి, ఏడాదివి దొరుకుతాయి. బడి వదిలాక "అమ్మా, బస్సు ఎక్కాను" అని చెప్పడానికి ఇది సరిపోతుంది.

ఇంటర్, డిగ్రీ పిల్లలకు రోజువారీ డేటా ప్లాన్ తప్పదు. 28 రోజుల ప్లాన్ తీసుకుంటే ఏడాదికి 13 సార్లు రీచార్జ్ చేయాలి. జీతం వచ్చే తేదీకి కలవాలనుకుంటే ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్లాన్ అడగండి. ప్రతి కంపెనీ దగ్గరా కనీసం ఒకటి ఉండాలని ట్రాయ్ 2022లో నిబంధన పెట్టింది.

ఏడాది ప్లాన్ ఒకేసారి వేయడం నాకు నచ్చదు. మొదటి నెల చిన్న ప్లాన్ వేసి, నిజంగా ఎంత వాడుతున్నారో ఆప్‌లో చూసి, ఆ తర్వాత పెద్దది తీసుకోండి.

మన ఊరికి ఇంకో సంగతి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు, నెట్‌వర్క్ రెండూ పడిపోయిన సంగతి మనకు తెలుసు. పోస్ట్‌పెయిడ్‌లో గడువు అనే బెంగ ఉండదు, ప్రీపెయిడ్‌లో ఉంటుంది. వ్యాలిడిటీ సరిగ్గా అలాంటి రోజున అయిపోతే రీచార్జ్ చేసే దారి ఉండదు. వాయుగుండం హెచ్చరిక రాగానే పిల్లల నంబర్ గడువు చూసి ముందే వేసేయండి.

8. మారిన రోజునే చేయాల్సినవి

- పిల్లల ఫోన్‌కి కాల్ చేసి చూడండి, వాళ్ల చేత మీకు చేయించండి. ఒక ఎస్సెమ్మెస్ కూడా. సిమ్ కార్డు మార్చి ఉంటే మాత్రం ఎస్సెమ్మెస్‌తో చేసే పనులన్నీ 24 గంటల తర్వాతే.
- బ్యాంకులో, యూపీఐలో పాత బిల్లుకు ఆటోపే ఉంటే, చివరి బిల్లు తీరాక ఆపేయండి.
- ఆప్ స్టోర్ పేమెంట్ పద్ధతుల్లోంచి మొబైల్ బిల్లింగ్ తీసేయండి. ప్రీపెయిడ్‌లో మెయిన్ బ్యాలెన్స్ నుంచి కోత పడకుండా అందులో ఎక్కువ డబ్బు ఉంచకండి.
- అదనపు సేవలేమైనా నడుస్తుంటే 155223కి ఉచితంగా కాల్ చేసి ఆపించండి.
- కాల్స్ ప్యాక్ మాత్రమే వేస్తే, 1925కి స్టాప్ అని ఇంగ్లిషులో పంపి మొబైల్ డేటా ఆపేయించండి. మళ్లీ కావాలంటే స్టార్ట్ అని పంపాలి.
- ప్రకటనల కాల్స్ వద్దనుకుంటే 1909కి స్టార్ట్ సున్నా అని పంపండి.
- గడువుకు మూడు రోజుల ముందు మీ ఫోన్‌లో గుర్తుచేసేలా పెట్టుకోండి. పిల్లల ఫోన్‌కొచ్చే హెచ్చరిక సందేశం మీదాకా రాదు.
- పోస్ట్‌పెయిడ్‌తో ఉచితంగా వచ్చిన ఓటీటీ ఆగిపోతుంది. ఇంట్లో అందరికీ ముందే చెప్పండి.

బ్యాలెన్స్ ఉన్నా లేకపోయినా 112 కలుస్తుందని పిల్లలకు చెప్పి ఉంచండి.

వారం తర్వాత సంచార్ సాథీలో మరోసారి చూడండి. మీరు తీసుకోని కొత్త నంబర్ ఏదైనా కనిపిస్తే, ఇప్పుడు "నాది కాదు" నొక్కాలి.

9. తేడా వస్తే

*మారాక కూడా పోస్ట్‌పెయిడ్ బిల్లు వచ్చింది:* తేదీలు చూడండి. మారిన రోజు వరకు ఉంటే అది న్యాయమైన చివరి బిల్లు, కట్టండి. ఆ తర్వాతి రోజులు కూడా ఉంటే కట్టే ముందు ఫిర్యాదు చేయండి.

*నాన్న బిల్లులో పిల్లల నంబర్ ఇంకా కనిపిస్తోంది:* విడదీయడం పూర్తి కాలేదు. సర్వీస్ రిక్వెస్ట్ నంబర్ చెప్పి అడగండి.

*సిగ్నల్ లేదు:* ఫోన్ ఒకసారి ఆపి వేయండి. సిమ్ మరో ఫోన్‌లో వేసి చూడండి. అక్కడా రాకపోతే మొదటి రీచార్జ్ పడిందో లేదో చూడండి. మార్పు జరిగి, రీచార్జ్ లేక ఆగినవే ఎక్కువ.

*డిపాజిట్ రాలేదు:* చివరి బిల్లులో సర్దారేమో ముందు చూసి, లేకపోతే బ్యాంకు వివరాలతో అడగండి.

ఫిర్యాదుకు 198. ఉచితం. వాళ్లిచ్చే డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నంబర్, రాసుకోండి, అది లేకపోతే ఫిర్యాదు చేసినట్టే లెక్కలోకి రాదు. జవాబు తృప్తిగా లేకపోతే అదే కంపెనీలోని అప్పీల్ అధికారికి 30 రోజుల్లోపు రాయాలి, దీనికీ రుసుము లేదు. రాసేటప్పుడు నాలుగు తేదీలు వరుసగా పెట్టండి: బిల్లు కట్టింది, మార్పు కోరింది, మార్పు జరిగింది, తప్పు బిల్లు వచ్చింది. రసీదు, సర్వీస్ రిక్వెస్ట్ నంబర్, డాకెట్ నంబర్ జత చేయండి.